ఉస్తాద్ రహీం సాబ్: ఆటలో దువా, ఆటలో షుక్ర్

అల్లాహ్ తఆలా పేరుతో ప్రారంభిస్తున్నాము. 

ఈ ఏడాది సావనీరుకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శి సాబ్ మాకు పురమాయించినప్పుడు, ఎప్పుడూ రాసే షాయర్లు, నవాబులు, ఆలిములే ముందుగా జ్ఞాపకం వచ్చినారు. కాని ఈసారి మేము ఒక బడిపంతులు గురించి రాయదలచినాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మాకు సాటి బడిపంతులు మీద మమకారం ఉండటం సహజమే గదా. అయితే కారణం అదొక్కటే కాదు. ఒక పిల్లవాడు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి అసలు కారణం.

కొంతకాలం కింద మేము బడి పిల్లలను ఫుట్‌బాల్ పోటీకి తీసుకుపోయినాము. ఆట మొదలయ్యే ముందు పిల్లలందరూ గుండ్రంగా నిలబడి చేతులెత్తి దువా చేసినారు. అందులో గోల్‌కీపర్‌గా నిలబడే పిల్లవాడు ఫజర్ నమాజు కూడా విడిచిపెట్టని వాడు. ఆట అయ్యేసరికి మా వాళ్లు నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయినారు. తిరిగి వస్తూ ఉంటే పంజాగుట్ట చౌరస్తాలో బస్సు ఆగింది. ఆ పిల్లవాడు మెల్లగా మా పక్కకు వచ్చి కూర్చుని, మనం ఇంత దువా చేసినాము గదా సార్, అల్లా ఎందుకు వినలేదు అని అడిగినాడు. అవతలి జట్టులోనూ సగం మంది మన పిల్లలే, వాళ్లూ దువా చేసినారు, మరి అల్లా వాళ్లది విని మాది వదిలేసినాడా అన్నాడు. ఇంటికి పోతే వాళ్ల అబ్బా ఇదే మాట పట్టుకుని, దువా ఖబూల్ కాలేదంటే ఆట మంచిది కాదనే అర్థమని చెప్పి ఆట మాన్పిస్తాడని కూడా వాడి భయం.

సబ్ర్ చెయ్యి బేటా అన్నాము. అంతలో సిగ్నల్ పడింది, బస్సు కదిలింది. కాని అది జవాబు కాదని వాడికీ తెలుసు, మాకూ తెలుసు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్తున్న మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తరువాత జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ మర్హూం జీవితం తెలుసుకుంటూ పోతే, ఆ జవాబు మాకు కొంత దొరికినట్టు అనిపించింది. దాన్నే మీ ముందు పెడుతున్నాము.

ఈ రోజు అమీర్‌పేటలో కోచింగ్ అంటే అందరికీ తెలిసిన అర్థం ఒక్కటే. మైత్రీవనం చుట్టుపక్కల గోడ గోడకూ బోర్డులే. కంప్యూటరు కోర్సులకు, ఉద్యోగ పరీక్షలకు జిల్లాల నుంచి పిల్లలు వచ్చి ఇరుకు హాస్టళ్లలో ఉండి చదువుకుంటారు. మంచిదే. కాని ఇదే హైదరాబాదులో ఒకప్పుడు కోచ్ అంటే ఒక్క రహీం సాబే. కోచింగ్ అంటే తెల్లవారుజామున మైదానంలో నిలబడి, ఇతరుల పిల్లలను తన పిల్లలుగా దిద్దటమే. ఆయన పేరు మన గల్లీలలో ఎందరు పిల్లలకు తెలుసునని అడిగి చూస్తే, సినిమా చూసిన ఒకరిద్దరు తప్ప చెయ్యి ఎత్తేవారు లేరు. అందుకే కాస్త వివరంగా చెప్పుకుందాము.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి డిగ్రీ తీసుకున్నారు. విద్యార్థిగా ఉన్నప్పుడే మంచి ఫుట్‌బాల్ ఆటగాడిగా పేరు వచ్చింది. చదువు కాగానే ఉపాధ్యాయ వృత్తిలో చేరినారు. కాచిగూడ మిడిల్ స్కూలులో, తరువాత ఉర్దూ షరీఫ్ స్కూలులో, దారుల్ ఉలూం హైస్కూలులో, చాదర్‌ఘాట్ హైస్కూలులో పనిచేసినారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసి, పిల్లల ఆటపాటల బాధ్యత తీసుకున్నారు. అంటే దేశానికి బంగారు పతకాలు తెచ్చిన ఈ మనిషి మొదట చాక్‌పీస్ పట్టుకున్న మనిషి. సెలవు చీటీలు, హాజరు పట్టీలు, ఇన్‌స్పెక్షన్లు అన్నీ చూసిన మనిషి. ఆ తరువాత హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి బాధ్యత ఆయన మీద పడింది. చివరి దాకా నగరంలో ఫుట్‌బాల్ భారం ఆయనే మోసినారు.

ఆయన బోధనలో ఒక పద్ధతి మమ్మల్ని ఎంతో ఆకర్షించింది. కుర్రాళ్లకు ఆయన విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని బలహీనమైన కాలితోనే కొట్టాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే ఆడాలి. మరొక పోటీలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ ఒక్కడే ముందుకు పోవటానికి వీల్లేదు, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. మొదట్లో ఎవరికైనా చిరాకుగానే ఉంటుంది. చేతనైన కాలు ఉండగా చేతకాని కాలితో ఎందుకు తన్నాలి, నేను గోల్ కొట్టగలిగినప్పుడు వాడికెందుకు ఇవ్వాలి అనిపిస్తుంది. కాని కొన్ని నెలలు గడిచేసరికి ఆ కుర్రాళ్లకు రెండు కాళ్లూ పనిచేసేవి, జట్టంతా ఒక్క శరీరంలా కదిలేది.

దీన్ని మేము మా చూపుతో చూస్తే ఇట్లా తోస్తుంది. అల్లాహ్ మనకు రెండు కాళ్లిచ్చినాడు. ఒకదాన్ని వాడుకుని రెండోదాన్ని ఊరికే వదిలేసి, నోటితో అల్‌హమ్దులిల్లాహ్ అంటే ఆ షుక్ర్ సగమే. ఇచ్చిన నియామత్‌ను పూర్తిగా పనిలోకి తేవటమే షుక్ర్. ఇక బంతి పక్కవాడికి ఇవ్వటం అంటే, నాకు దొరికింది నా ఒక్కడిది కాదని ఒప్పుకోవటమే. మనం జకాత్ లెక్క చూసేటప్పుడు చెప్పుకునే మాట కూడా ఇదే గదా. రహీం సాబ్ మైదానంలో వాజ్ చెప్పేవారని మేము అనటం లేదు. ఆయన మనసులో ఏముండేదో అల్లాహ్‌కే ఎరుక. ఆయన చేసిన పనిలో మాకు కనిపించింది మాత్రం ఇది.

ఇప్పుడు కాలం సంగతి చెప్పాలి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ రోజుల్లో మన ఇళ్లల్లో ఎంత భయం, ఎంత అనిశ్చితి ఉండేదో మన పెద్దల నోట విన్నాము. ఎందరికో ఉద్యోగాలు పోయినాయి, కొందరు దేశమే విడిచి వెళ్లినారు, ఉన్నవాళ్లు తల వంచుకుని గల్లీలు దాటేవారట. అట్లాంటి సమయంలో రహీం సాబ్ తీర్చిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయికి పోయి 1950లో రోవర్స్ కప్ గెలిచింది. అదే ఏడాది పోటీలో మోహన్ బగాన్ అంతటి జట్టును ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఇతరులకు ఇవ్వలేదు. డ్యూరాండ్ కప్పు తరువాత 1954లో, 1957లో, 1961లో కూడా మన పోలీసు జట్టుకే దక్కింది. 1961 నాటికి దాని పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు.

కప్పులు వెండివి, తోమకపోతే నల్లబడిపోతాయి. కాని తల వంచుకుని నడుస్తున్న నగరానికి తల ఎత్తుకునే కారణం ఒకటి దొరికింది. దానికోసం రహీం సాబ్ ఎవరినీ తిట్టలేదు, ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. కుర్రాళ్లను పొద్దున్నే లేపి పరుగెత్తించినారు, అంతే. నష్టపోయినవాడు చేయగలిగే అతి పెద్ద షుక్ర్, మిగిలినదాన్ని లెక్కపెట్టుకుని దానితో పని మొదలుపెట్టటం. మా ఉద్దేశంలో రహీం సాబ్ చేసింది అదే.

ఆయన దగ్గర ఆట నేర్చినవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫిఖారుద్దీన్, యూసుఫ్ ఖాన్ ఉన్నట్టే, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం కూడా ఉన్నారు. బలరాం గారి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన కుర్రవాడు ఆయన. ఆటలో చురుకు చూసి రహీం సాబ్ రమ్మన్నారు. రోజూ అంత దూరం నుంచి నగరంలోకి రావాలంటే డబ్బు లేదు. అప్పుడు రహీం సాబ్ సైకిలు కిరాయికని రోజుకు ఒక రూపాయి తన జేబులోంచి ఇచ్చేవారు. ఆ కాలంలో బడిపంతులు జీతమెంతో, అందులో రోజూ రూపాయి అంటే ఎంతో మీరే ఊహించుకోండి. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రవాడే తరువాత రెండు ఒలింపిక్ పోటీలకు, ఆసియా క్రీడలకు దేశం తరఫున ఆడి, అర్జున అవార్డు అందుకున్నాడు. బలరాం గారు 2023 ఫిబ్రవరిలో కన్నుమూసినారు. ఎనభై దాటిన వయసులో కూడా ఆయన ఆ రూపాయిని మరచిపోలేదు. దాన్ని చెప్పుకుంటూనే ఉన్నారు కాబట్టే ఈ సంగతి మన దాకా వచ్చింది. మేలు చేసినవాడు లెక్క రాసుకోలేదు, పొందినవాడు మరచిపోలేదు. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదాలు చూసి విసిగిన మనకు ఈ ఒక్క ముచ్చట చాలు.

దేశం జట్టుకు కోచ్‌గా రహీం సాబ్ సాధించిన మొదటి పెద్ద విజయం 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో వచ్చింది. శైలేన్ మన్నా కెప్టెన్. ఫైనల్లో ఇరాన్‌తో ఆట. సాహు మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో మన దేశం గెలిచి బంగారు పతకం తీసుకుంది.

మరుసటి ఏడాదే దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడిపోయింది. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడినారు. పది గోల్స్! మా బడి పిల్లలు నాలుగు గోల్స్‌కే అల్లాహ్‌ను నిలదీసినారు, మరి పది గోల్స్ తిన్న కోచ్ ఎవరిని నిలదీయాలి? ఇంటికి వచ్చి ఖిస్మత్ అని నుదురు కొట్టుకుని ఊరుకోవచ్చు. వాతావరణం మీద, రిఫరీ మీద నెపం పెట్టవచ్చు. రహీం సాబ్ ఆ ఓటమిని పుస్తకంలా చదివినారు. ఆ తరువాత దేశంలో ఫుట్‌బాల్ ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి అయినాయి. ఆ రోజుల్లో ప్రపంచాన్ని ఆశ్చర్యపరుస్తున్న హంగేరీ జట్టు ఆటతీరును ఆయన శ్రద్ధగా గమనించి, ఎవరెక్కడ నిలబడాలి, ఎవరు వెనక్కి తగ్గి బంతి అందుకోవాలి అనే లెక్కను మన కుర్రాళ్లకు సరిపోయేటట్టు మార్చుకున్నారు.

సబ్ర్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవటం అని మనలో చాలామంది అనుకుంటారు. ఒంటెను కట్టిన తరువాతనే అల్లాహ్ మీద భారం వేయాలని మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం నేర్పిన సంగతి మసీదుల్లో వింటూనే ఉంటాము. మైదానంలో ఒంటెను కట్టటం అంటే సాధన చేయటమే. హెల్సింకీలో ఒంటె తాడు ఎక్కడ వదులైందో చూసి, మళ్లీ గట్టిగా కట్టినారు రహీం సాబ్.

దాని ఫలితం నాలుగేళ్ల తరువాత లోకం చూసింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మొదటి ఆటకు హంగేరీ రాకపోవటంతో మనవాళ్లు నేరుగా క్వార్టర్ ఫైనల్ చేరినారు. అక్కడ ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదనే 4-2 తేడాతో ఓడించినారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టినాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. మొదటి గోల్ మనమే కొట్టినాము. తరువాత వాళ్లు పుంజుకుని 4-1 తేడాతో గెలిచినారు. అందులో ఒక గోల్ మన హైదరాబాదు కుర్రవాడు సలాం కాలికి తగిలి మన గోల్‌లోకే పోయింది. ఆ తరువాత బల్గేరియాతోనూ ఓడి నాలుగో స్థానంలో నిలిచినాము. ఆ జట్టులో హైదరాబాదు ఆటగాళ్లు ఎందరో ఉన్నారు. పతకం రాలేదు. కాని పది గోల్స్ తిన్న నాటికి, మొదట మనమే గోల్ కొట్టిన నాటికి మధ్య ఉన్న నాలుగేళ్ల చెమటను కొలిచే పతకం ఏ ఒలింపిక్స్‌లోనూ ఇవ్వరు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కూడా ఫ్రాన్సుతో 1-1గా సమానంగా నిలిచి, హంగేరీతో 2-1 తేడాతోనే ఓడినారు. ఆ హంగేరీ మీద, పెరూ మీద మన గోల్స్ కొట్టినవాడు అమ్ముగూడ బలరామే. ఆ జట్టులో రహీం సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా సభ్యుడే. కాని అక్కడ ఆయనకు మైదానంలో దిగే అవకాశం రాలేదు. కోచ్ కొడుకైనా సరే.

ఇక 1962. జకార్తాలో ఆసియా క్రీడలు. రహీం సాబ్‌కు అప్పుడు యాభై మూడేళ్లు. ఊపిరితిత్తుల్లో జబ్బు ముదురుతూ ఉంది, ఒళ్లు సహకరించటం లేదు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓటమి. తరువాత థాయిలాండును 4-1 తేడాతో గెలిచినారు గాని, ఆ ఆటలో రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడినాయి. జపానును 2-0 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరినారు. ఇక్కడ రహీం సాబ్ ఎవరూ ఊహించని పని చేసినారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను వెనక నుంచి తీసి ముందుకు పంపి, గోల్ కొట్టే పని అప్పగించినారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2 తేడాతో గెలిచినారు. వాటిలో ఒక గోల్ జర్నైల్‌దే.

ఫైనల్ సెప్టెంబరు 4న. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. స్టేడియంలో దాదాపు లక్షమంది. ఇజ్రాయెలు, తైవాను దేశాలను ఆ క్రీడలకు రానివ్వకపోవటాన్ని మన దేశపు అధికారి జి.డి. సోంధీ ఆక్షేపించటంతో అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. మనవాళ్లు మైదానంలోకి రాగానే ఒకటే అరుపులు, ఈలలు. అంత జనంలో మనవాళ్లను ఉత్సాహపరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు కూడా ఉన్నారని ఆనాటి ఆటగాళ్లు చెప్పుకునేవారు. ఆటకు ముందు రహీం సాబ్ తన కుర్రాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని, తనకు ఒక కానుక కావాలని, అది బంగారు పతకమని అడిగినారట. జబ్బుతో ఉన్న గురువు అట్లా అడిగితే ఏ శిష్యుడి గుండె కరగదు? గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరం నుంచి లేచి వచ్చి నిలబడినాడు. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టినాడు. మూడు నిమిషాలకు జర్నైల్ రెండోది కొట్టినాడు. చివరలో కొరియా ఒకటి కొట్టినా, ఆట 2-1 తేడాతో ముగిసింది. కెప్టెన్ చునీ గోస్వామి జట్టుకు బంగారు పతకం. అప్పటి నుంచి ఇది రాసే నాటి వరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్లీ బంగారం రాలేదు.

ఆ రోజు ఆ పదకొండు మందిలో ఒక్కొక్కడు ఒక్కొక్క విధంగా దేవుణ్ణి తలచుకుని ఉంటాడు. సిక్కు వాహెగురూ అని ఉంటాడు, క్రైస్తవుడు ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుని ఉంటాడు, హిందువు మైదానం మట్టి కళ్లకద్దుకుని ఉంటాడు, మన యూసుఫ్ ఖాన్ బిస్మిల్లా అని ఉంటాడు. అవతల కొరియా కుర్రాళ్లకూ వాళ్ల వాళ్ల ప్రార్థనలు ఉండే ఉంటాయి. పిల్లవాడు బస్సులో అడిగిన ప్రశ్న ఇక్కడికే వస్తుంది. అల్లాహ్ ఎవరి పక్షం? మాకు తోచింది ఇది. పక్కవాణ్ణి ఓడించమని అడగటం దువా కాదు, అది బేరం. నాకు ఇచ్చిన కాళ్లను, ఊపిరిని, తోడుగా ఇచ్చిన మనుషులను పూర్తిగా వినియోగించే శక్తి ఇవ్వమని అడగటం దువా. ఆ దువా ఒకేసారి ఇద్దరిదీ ఖబూల్ కావచ్చు. గెలిచినవాడికి షుక్ర్, ఓడినవాడికి సబ్ర్, ఇద్దరికీ మర్నాడు పొద్దున మళ్లీ సాధన. ఈజిప్టు ఆటగాడు ముహమ్మద్ సలా గోల్ కొట్టి సజ్దా చేయటం మన పిల్లలు టీవీలో చూసి మురిసిపోతారు. మంచిదే. కాని గోల్ పోయిన రోజు కూడా సజ్దా ఉండాలని వాళ్లకు చెప్పవలసింది మనమే.

జకార్తా నుంచి వచ్చిన తరువాత రహీం సాబ్ ఎక్కువ కాలం బతకలేదు. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో అల్లాహ్‌కు ప్యారే అయినారు. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆయనకు సిగరెట్లు విపరీతంగా తాగే అలవాటు ఉండేది. మహనీయుల లోపాలు రాయకూడదని కొందరు పెద్దలు అంటారు. కాని పిల్లలు చదివే సంచికలో ఇది రాయకపోతే మేము పంతులు పని సరిగా చేయనట్టే. ఇతరుల ఊపిరిని అంత జాగ్రత్తగా పెంచిన మనిషి తన ఊపిరి విషయంలో అజాగ్రత్త చేసినారు. శరీరం కూడా అమానతే. మన వీధుల్లో పాన్‌డబ్బాల దగ్గర నిలబడే కుర్రాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఇప్పుడు మన షుక్ర్ సంగతి. ఆయన శిష్యులకు అర్జున అవార్డులు వచ్చినాయి. బెనర్జీకి 1961లో, బలరాంకు 1962లో, చునీ గోస్వామికి 1963లో, జర్నైల్‌కు 1964లో, యూసుఫ్ ఖాన్‌కు 1966లో, తంగరాజ్‌కు 1967లో. హైదరాబాదు నేల మీద పెరిగిన సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా 1970లో బ్యాంకాక్‌లో కంచు పతకం తెచ్చినారు. తరువాత కోచ్‌గా ద్రోణాచార్య అవార్డు కూడా పొందినారు. ఆ అవార్డు మొదలైందే 1985లో. కుమారుడు హకీం సాబ్ అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకుని, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకుని, 2021 ఆగస్టులో కన్నుమూసినారు. ఇందరిని తయారు చేసిన రహీం సాబ్‌కు మాత్రం పద్మ బిరుదు రాలేదు. 2024లో అజయ్ దేవగణ్ ఆయన పాత్ర వేసిన మైదాన్ అనే హిందీ సినిమా వచ్చిన తరువాతే చాలామందికి ఇట్లాంటి మనిషి ఒకడుండేవాడని తెలిసింది. మేలు చేసిన మనిషికి కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు చూపే షుక్ర్ కూడా పూర్తి కాదని మన దీన్‌లో నేర్పినారు. సర్కారును అనటం సులువు. కాని మన బస్తీలో, మన ఇంట్లో ఆయన పేరు ఎన్నిసార్లు తలచుకున్నాము?

మన సంఘం ప్రతి ఏడాది చదువులో ముందున్న పిల్లలకు బహుమతులు ఇస్తుంది. మా మనవి ఒకటే. వచ్చే ఏడాది నుంచి ఆటలో శ్రద్ధ చూపిన పిల్లవాడికి ఒకటి, పిల్లకు ఒకటి, రహీం సాబ్ పేరు మీద చిన్న బహుమతి పెట్టాలి. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో 2022లో, 2023లో ప్రపంచ విజేత అయిన తరువాత ఆటలు ఆడపిల్లలకు కావనే మాటకు చోటు లేదు. బహుమతి గెలిచినవారికే ఇవ్వనక్కర లేదు. ఓడిన మర్నాడు మళ్లీ మైదానానికి వచ్చినవారికి ఇవ్వాలి. అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు లేచినాయి, అంతస్తులు పెరిగినాయి, పిల్లలు బంతి తన్నుకునే జాగా మాత్రం తగ్గిపోయింది. ఉన్న కాస్త జాగాను ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లలకు వదలటానికి బండ్లు పక్కన పెట్టుకుంటే, అది కూడా ఒక సదఖాయే.

ఈ మాటలన్నీ ఆ గోల్‌కీపర్ పిల్లవాడికి మేము చెప్పినాము. ఎంత అర్థమైందో గాని, రెండు రోజుల తరువాత బడి వదిలినాక గోడకు బంతి కొడుతూ కనిపించినాడు. ఎడమకాలితో కొడుతున్నాడు. వాళ్ల అబ్బా మాత్రం ఆటకు ఇంకా ఒప్పుకోలేదు. ఆయన కూడా మన సంఘం సభ్యుడే, ఈ సంచిక ఆయన చేతికి కూడా చేరుతుంది. భాయ్‌సాబ్, కోప్పడకుండా ఒకసారి చదవండి. పిల్లవాడి ఫజర్ నమాజును ఆట చెడగొట్టలేదు. ఆట కోసం పొద్దున్నే లేచేవాడు నమాజుకూ లేస్తాడు. వాణ్ణి ఆడనివ్వండి.

అల్లాహ్ తఆలా మర్హూం రహీం సాహెబ్‌కు మగ్‌ఫిరత్ ప్రసాదించి, ఆయన సమాధిని వెలుగుతో నింపుగాక. మన పిల్లలకు గెలుపులో షుక్ర్, ఓటమిలో సబ్ర్, రెంటిలోనూ మనిషితనం ఇచ్చుగాక. ఆమీన్.